యాత్రికుల గుంపులో ఉన్నాడని తలంచి
ఆరవ తరగతిలో ప్రవేశించు పిల్లల కొరకును, వారి తలిదండ్రుల కొరకును ఒక పాఠము

చదువవలసిన వాక్యభాగములు: లూకా 2:40–52, 1 సమూయేలు 2:18–26, 3:1–10, ద్వితీయోపదేశకాండము 6:4–9.

ఉపోద్ఘాతము

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములోని బిలాస్‌పూరు ఒక రైల్వే పట్టణము. దాని పాత బస్తీలో సదర్ బజార్ అను అంగడి వీధి కలదు. జూన్ నెల మొదటి పక్షములో, ఎండ యింకను చల్లారక, వాన యింకను దిగిరాక ముందు, రైల్వే కాలనీలలోని తెలుగు కుటుంబములు పిల్లలను వెంటబెట్టుకొని బట్టలకును పుస్తకములకును బజారునకు బయలుదేరు కాలమది. అట్టి కుటుంబము నొకదానిని పాఠకులు మనస్సులో చిత్రించుకొందురు గాక. తండ్రి లోకో పైలట్. రాత్రి డ్యూటీ దిగి, కంటినిండ నిద్ర లేకయే వచ్చెను. తల్లి చేతిలో బడివారిచ్చిన చీటీ ఉన్నది. పదునొకండేండ్ల కుమార్తె అయిదవ తరగతి ముగించి, ఆరవ తరగతికి క్రొత్త బడికి పోవలసియున్నది. దర్జీ కొలతలు తీసికొనుచుండగా తల్లి, "కొంచెం వదులుగా కుట్టమని చెప్పండి, రెండేళ్లు రావాలి" అని భర్తతో తెలుగులో అనును. అతడు ఆ మాటను దర్జీకి హిందీలో చెప్పును. నోటుపుస్తకములు, బూట్లు, నీళ్ల సీసా, వానకోటు, అన్నియు సంచిలో చేరినవి. "ఇంక అన్నీ సిద్ధమైనట్టే" అని తల్లి ఊపిరి పీల్చుకొనును. అప్పుడు కుమార్తె, "అమ్మా, అక్కడ నాకు తెలిసినవాళ్లు ఎవరూ ఉండరు కదా" అనును.

ఆ మాటకు ఉత్తరముగా సదర్ బజార్‌లో కొనదగిన వస్తువేదియు లేదు. సంచిలో చేరని సిద్ధపాటు ఒకటి కలదు. ఆ సిద్ధపాటు ఎట్టిది, అది పిల్లలకు మాత్రమే కావలెనా, తలిదండ్రులకును కావలెనా అను విషయమును పండ్రెండేండ్ల యేసును గూర్చి లూకా వ్రాసిన వృత్తాంతము వెలుగులో పరిశీలించుట ఈ పాఠము యొక్క ఉద్దేశము.

1. మలుపు ఎక్కడ ఉన్నది?

తెలుగువారు బిలాస్‌పూరునకు వచ్చుటకు రైలుమార్గమే ముఖ్య కారణము. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ ప్రాంతమును ఒక వైపున హౌరాతోను, మరియొక వైపున నాగపూరుతోను కలిపినది. అదే కంపెనీ మార్గము వాల్తేరు వరకును వ్యాపించినది. 1931 నాటికి రాయపూరు – విజయనగరము మార్గము పూర్తియగుటతో ఉత్తరాంధ్రమునుండి ఛత్తీస్‌గఢ్‌నకు దారి మరింత దగ్గరయైనది. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడినది. 2003లో బిలాస్‌పూరు ఆగ్నేయ మధ్య రైల్వేకు ముఖ్య కేంద్రమైనది. తాతలు పనికై వచ్చిన ఊరు మనుమలకు జన్మస్థలమైనది. ఇంటిలో తెలుగు, వీధిలో హిందీ, పుస్తకములో ఇంగ్లీషు: ఈ మూడింటి నడుమ పెరుగు పిల్లలు అక్కడ అనేకులు. ఖరగ్‌పూరులో, టాటానగరులో, నాగపూరులో నివసించు తెలుగు పాఠకులకు ఈ స్థితిని వివరింపనక్కర లేదు.

ఛత్తీస్‌గఢ్‌లో ఒకటి మొదలు అయిదు వరకు ప్రాథమిక పాఠశాల. ఆరు మొదలు ఎనిమిది వరకు పూర్వ మాధ్యమిక పాఠశాల, అనగా జనులు మిడిల్ స్కూలు అని పిలుచునది. తెలుగు రాష్ట్రములలో అనేకమంది పిల్లలు ఆరవ తరగతితోనే ఉన్నత పాఠశాలలో అడుగు పెట్టుదురు. పెద్దలు దానిని ఒకప్పుడు ఫస్టు ఫారము అనిరి. 2020 నాటి జాతీయ విద్యా విధానము కూడ ఆరు మొదలు ఎనిమిది తరగతులను, అనగా పదునొకటి మొదలు పదునాలుగేండ్ల ప్రాయమును, ఒక ప్రత్యేక దశగా ఎంచినది. పేరు ఏదైనను మలుపు ఒక్కటే.

ఈ మలుపులో మారునవి ఏవి? ప్రాథమిక పాఠశాలలో ఒకరిద్దరు ఉపాధ్యాయులు దినమంతయు పిల్లను ఎరిగియుందురు. ఆమె ముఖము వాడిన యెడల వారికి తెలియును. ఆరవ తరగతిలో గంట మ్రోగిన ప్రతిసారి ఉపాధ్యాయుడు మారును. ఆరుగురు చూతురు గాని ఏ ఒక్కరును దినమంతయు చూడరు. హిందీ రాష్ట్రములలో సంస్కృతము తరచుగా ఈ తరగతిలోనే మూడవ భాషగా వచ్చి చేరును. లెక్కలలో అంకెల చోట అక్షరములు కనబడును. కొందరికి బోధనా భాషయే మారును. బడి దూరమగును: విద్యాహక్కు చట్టము క్రింద 2010లో వెలువడిన కేంద్ర నియమములు చిన్న తరగతుల బడి ఒక కిలోమీటరు లోపలను, ఆరు మొదలు ఎనిమిది తరగతుల బడి మూడు కిలోమీటర్ల లోపలను ఉండవలెనని చెప్పినవి. ఆ రెండు కిలోమీటర్ల భేదములో పిల్ల ఒంటరిగా నడుచు మార్గము మొదలగును. ఇవన్నియు శరీరము మారుచున్న ఏండ్లలోనే సంభవించును.

అమెరికా మనోవిజ్ఞాన పండితురాలు జాక్వెలిన్ ఎక్లెస్ తన సహచరులతో కలిసి 1993లో ప్రచురించిన వ్యాసములో ఒక సంగతిని స్పష్టపరచినది. ఈ ప్రాయమున పిల్లలకు కొంచెము ఎక్కువ స్వాతంత్ర్యమును, ఇంటివెలుపల ఒక పెద్దవారి దగ్గరితనమును కావలెను. అయితే క్రొత్త బడి తరచుగా అదుపును ఎక్కువ చేసి, దగ్గరితనమును తక్కువ చేయును. పిల్లలు చదువునందు ఆసక్తి కోల్పోవుటకు వారి సోమరితనమే కారణమని తీర్పు తీర్చక ముందు, తలిదండ్రులు ఈ మాటను తలంచుకొనుట మంచిది.

2. ఒక దినపు ప్రయాణము

ఇప్పుడు లూకా వృత్తాంతమునకు వత్తము. ఇందులోని ప్రధాన విషయము పిల్లల పెంపకము కాదు. యేసు ఎవరు అను ప్రశ్నకు ఆయన నోటి మొదటి మాటతోనే సువార్తికుడు ఇచ్చిన ఉత్తరమిది. ఆయన వంటి కుమారుడు మరియొకడు లేడు. ఈ హెచ్చరికను మరువక చదివినప్పుడే, ఆయన మన వలె నిజముగా ఎదిగిన బాలుడనియు, మరియ యోసేపులు నిజముగా కలవరపడిన తలిదండ్రులనియు గ్రహించి మేలు పొందగలము.

లూకా తన మాటలను ఏరి వాడినాడు. పశువుల తొట్టిలోని యేసును గూర్చి చెప్పునప్పుడు గ్రీకు భాషలో చంటిబిడ్డ అను అర్థమిచ్చు 'బ్రెఫోస్' అను మాటను వాడెను. నలువదవ వచనములో చిన్నపిల్లవాడు అను అర్థమిచ్చు 'పైదియోన్' అను మాట ఉన్నది. నలువది మూడవ వచనమునకు వచ్చుసరికి బాలుడు అను అర్థము గల 'పైస్' అను మాట వచ్చెను. మూడు వచనముల నడుమ పిల్లవాడు బాలుడాయెను. అయితే నలువది యెనిమిదవ వచనములో తల్లి ఆయనను 'టెక్నోన్' అని, అనగా కన్నబిడ్డ అని పిలిచినది. రచయిత మాట మారినది, తల్లి పిలుపు మారలేదు. ప్రతి ఇంటిలోను ఇదియే జరుగును. బిడ్డ పెరిగిన సంగతిని దర్జీ టేపు ముందు కనిపెట్టును. తల్లి హృదయము తరువాత కనిపెట్టును.

పండుగ ముగిసినది, నజరేతు నూరు కిలోమీటర్లకు పైబడిన దూరమున ఉన్నది, బంధువులును పరిచితులును గుంపుగా నడచుచుండిరి. బాలుడు ఆ గుంపులోనే ఉండునని తలంచి తలిదండ్రులు ఒక దినపు ప్రయాణము సాగిపోయిరి. 'తలంచి' అను ఆ చిన్న మాటయందు ఈ పాఠమంతయు ఇమిడియున్నది. అదే క్రియను లూకా మరుసటి అధ్యాయములో (3:23), జనులు యేసును యోసేపు కుమారుడని ఎంచిరని చెప్పుటకు మరల వాడెను. అచ్చట జనులు తలంచినది సరిపోలేదు. ఇచ్చట తలిదండ్రులు తలంచినది సరిపోలేదు.

వారు ప్రేమలేనివారు కారు. నిర్లక్ష్యము చేయు స్వభావము గలవారును కారు. పండ్రెండేండ్లు ఆయనను ఎరిగియున్నారు గనుకనే, ఇప్పుడును ఎరుగుదుమని తలంచిరి. నమ్మదగిన బిడ్డ గనుక వెదకనక్కర లేదనుకొనిరి. ఆరవ తరగతిలో తలిదండ్రులు చేయు పొరపాటు సరిగా ఇదియే. నాలుగవ తరగతి వరకు తల్లి ప్రతి పుస్తకము తెరచి చూచును. ఆరవ తరగతిలో సంస్కృతమును ఇంగ్లీషును తనకు రావని పుస్తకము మూసివేయును. పిల్ల పెద్దదైనది, బడివారు చూచుకొందురని తలంచును. ఉపాధ్యాయుడు ఇంటివారు చూచుకొందురని తలంచును. సండే స్కూలు గురువు ఇద్దరును చూచుకొందురని తలంచును. ఈ తలంపుల నడుమ ఒక పిల్ల ఎవరికిని కనబడక ఒక దినము కాదు, ఒక సంవత్సరము నడచిపోగలదు.

3. మూడు దినముల వెదకులాట

మరియ యోసేపులు తమ పొరపాటును గ్రహించిన వెంటనే చేసిన పని గమనింపదగినది. మొదట బంధువులను అడిగిరి. తరువాత నడచిన దారినంతయు తిరిగి నడచిరి. మూడు దినములైన తరువాత కనుగొనిరి. తాము దుఃఖించుచు వెదకితిమని తల్లి దాచక చెప్పినది. లూకా అచ్చట వాడిన మాట తీవ్రమైన వేదనను సూచించును. ఇదే సువార్త పదునారవ అధ్యాయములో ధనవంతుని యాతనకును అదే మాట వాడబడినది. దేవాలయములో, బోధకుల యెదుట, ఆమె తన బాధను మాటలలో పెట్టెను. కొట్టలేదు, అందరిలో అవమానింపలేదు. ఎందుకిట్లు చేసితివని అడిగెను, ఉత్తరమునకు ఎదురుచూచెను. ఆ ఉత్తరము వారికి బోధపడలేదని లూకా నిష్కపటముగా వ్రాసెను. బోధపడని ఆ మాటలను తల్లి పారవేయక తన హృదయములో భద్రపరచుకొనెను.

తలిదండ్రులు చేయవలసిన సిద్ధపాటు ఇందులో క్రమముగా కనబడుచున్నది. అడుగుట, తిరిగి వెదకుట, తన బాధను మర్యాదగా చెప్పుట, వినుట, బోధపడనిదానిని కూడ దాచుకొనుట. తండ్రి డ్యూటీనుండి వచ్చి, "మార్కులు ఎన్ని?" అని ఒక్క ప్రశ్న అడిగిన యెడల ఒక్క అంకెతో సంభాషణ ముగియును. "ఈ రోజు నీకు అర్థం కానిది ఏమిటి?" అని అడిగిన యెడల పిల్ల తన కష్టమును చెప్పుటకు తలుపు తెరచినట్లగును. ఈ రెండవ ప్రశ్నను అడుగుటకు సంస్కృతము రానక్కర లేదు. చదువురాని నాయనమ్మ కూడ దానిని అడుగగలదు.

రన్నింగ్ డ్యూటీలోని తండ్రి ప్రతి సాయంకాలము ఇంటనుండలేడు. ఇది అతని దోషము కాదు. అయినను బిలాస్‌పూరు జంక్షనులో బండి నడుపువాడు ఒక సంగతి బాగుగా ఎరుగును. కట్నీ మార్గము విడిపోవు చోట, పాయింట్లు దాటునప్పుడు, వేగము తగ్గించవలెను. తిన్నని పట్టాలమీది వేగము అచ్చట పనికిరాదు. పిల్ల జీవితములో ఈ జూన్, జూలై, ఆగస్టు మాసములు అట్టి పాయింట్లు. ఈ మూడు నెలలు సెలవు దొరికిన ప్రతి దినమును తండ్రి పిల్లకై కొంత ప్రత్యేకించుట, ఆ తరువాత మూడేండ్లు ట్యూషనులకై వ్యయపరచుటకంటె మేలు.

4. వినుట, అడుగుట

ఇప్పుడు పిల్లలు వినవలసిన భాగము. యేసు బోధకుల మధ్య కూర్చుండి, వారి మాటలు వినుచు, వారిని ప్రశ్నలు అడుగుచుండెను. మొదట వినుట, తరువాత అడుగుట, ఆ తరువాతనే ఆయన ఉత్తరములను గూర్చిన ఆశ్చర్యము చెప్పబడినది. అన్నియు ఎరిగిన కుమారుడు అడుగుటకు సిగ్గుపడలేదు. కావున హిందీ ఉచ్చారణ చూచి తోటివారు నవ్వుదురను భయముచేత చేయి యెత్తని తెలుగు పిల్ల ఈ మాటను జ్ఞాపకముంచుకొనవలెను: తెలియనిది అడుగుట అవమానము కాదు, అది యేసు బాల్యములోనే కనబడిన పద్ధతి.

బాల సమూయేలు వృత్తాంతము దీనికి తోడుగా నిలుచును. క్రొత్త స్థలములో, తల్లికి దూరముగా, రాత్రివేళ పిలువబడి, మూడుసార్లు అతడు పొరబడి ఏలీ యొద్దకు పరుగెత్తెను. ముమ్మారు పొరబడినను ఎవరును అతనిని గద్దింపలేదు. మరల పండుకొనుమని చెప్పి పంపిరి. నాలుగవసారి అతడు సరిగా వినెను. మొదటి నెలలో తరగతి గది దారితప్పినను, తప్పు పుస్తకము తెచ్చినను, ఒక పరీక్షలో తక్కువ వచ్చినను, అది పిలుపు తప్పిపోయినదనుటకు సాక్ష్యము కాదు.

సమూయేలు తల్లి హన్నా ఏటేట ఒక చిన్న అంగీ కుట్టి తెచ్చుచుండెను. సంవత్సరమంతయు కన్నులారా చూడని బిడ్డకు కొలత ఎట్లు తెలిసెను? పోయిన ఏటి అంగీని ఆమె మరల తేలేదు. బిడ్డ ఎంత ఎదిగియుండునోయని ఆలోచించి కుట్టెను. సదర్ బజార్ దర్జీతో తల్లి చెప్పిన మాటలో కూడ అదే జ్ఞానము ఉన్నది. కొంచెము వదులుగా కుట్టవలెను. బట్ట విషయములో తెలిసిన ఈ సంగతిని స్వాతంత్ర్యము విషయములోను పాటింపవలెను. అయిదవ తరగతి నియమములు ఆరవ తరగతిలో బిగుతగును. పదవ తరగతి స్వేచ్ఛ ఆరవ తరగతిలో కాలికి అడ్డుపడును.

5. తండ్రికి చెందినవి

యేసు ఇచ్చిన ఉత్తరము అనువాదకులను ఎప్పుడును ఆలోచింపజేయు వాక్యము. గ్రీకు మూలములో ఒక నామవాచకము లేదు. తన తండ్రికి చెందినవాటిలో ఉండవలెననునంతే ఉన్నది. తెలుగు సంఘములు తరతరములుగా చదివిన బైబిలు దానిని తండ్రి పనులని అనువదించినది. తండ్రి ఇల్లు అని అనువదించినవారును కలరు. రెండును మూలమునకు విరోధము కావు. తల్లి, నీ తండ్రియు నేనును అని యోసేపును గూర్చి చెప్పగా, ఆయన తన తండ్రి అని దేవుని గూర్చి చెప్పెను. బిడ్డ తమకు మాత్రమే చెందినవాడు కాడని ఆ తలిదండ్రులు ఆ దినమున వినిరి.

క్రైస్తవ గృహములు కూడ ఈ మాట వినవలసియున్నవి. పిల్ల చదువు తలిదండ్రుల పరువు నిలుపుటకు పెట్టిన పెట్టుబడి కాదు. ప్రక్క క్వార్టరులోని పిల్లకు వచ్చిన శాతముతో పోల్చి చూచుటకు దేవుడు బిడ్డను ఇయ్యలేదు. అయితే పిల్లలు ఈ వచనమును తలిదండ్రులను ధిక్కరించుటకు ఆధారముగా తీసికొనరాదు. ఆ ఉత్తరమిచ్చిన యేసే వారితో కూడ బయలుదేరి నజరేతునకు వచ్చి వారికి లోబడియుండెను. లూకా వాడిన క్రియారూపము ఒక్కసారి కాదు, ఎడతెగక లోబడియుండుటను తెలుపును. దేవునికి చెందినవాడను ఎరుక ఆయనను ఇంటికి దూరము చేయలేదు.

6. నాలుగు వైపుల ఎదుగుదల

ఈ భాగము చివరి వచనము యేసు ఎదుగుదలను నాలుగు మాటలతో చెప్పుచున్నది: జ్ఞానము, వయస్సు, దేవుని దయ, మనుష్యుల దయ. బడి తెరచుటకు ముందు వారములలో ఈ నాలుగింటిని ఒక్కొక్కటిగా ఆలోచించుట మేలు.

జ్ఞానము: అయిదవ తరగతి లెక్కలను, హిందీ చదువుటను దినమునకు అరగంట మరల చూచుకొనవలెను. సంస్కృతమును గూర్చి భయమక్కర లేదు. విద్య, జలము, పుష్పము, మిత్రుడు మొదలగు అనేక పదములను తెలుగు పిల్ల ఇంటనే ఎరుగును. బోధనా భాష మార్చదలచినవారు పిల్లను సంప్రదింపక నిర్ణయింపకూడదు. ఇంగ్లీషులో వల్లించిన పాఠమును పిల్ల ఇంటి భాషలో చెప్పగలిగినప్పుడే అది బోధపడినట్లు.

వయస్సు: లూకా వాడిన 'హెలికియ' అను మాటకు వయస్సు అనియు, శరీరపు ఎత్తు అనియు అర్థము కలదు. దేవుని కుమారుని శరీరము ఎదిగినదని లేఖనము సిగ్గుపడక చెప్పుచున్నది. కావున తల్లి కుమార్తెతోను, తండ్రి కుమారునితోను, రాబోవు శారీరక మార్పులను గూర్చి బడి తెరువక ముందే సూటిగా మాటలాడవలెను. ఋతుధర్మము మొదటిసారి బడిలోనే వచ్చిన యెడల ఏమి చేయవలెనో, ఎవరికి చెప్పవలెనో పిల్లకు ముందే తెలిసియుండిన యెడల, ఆ దినము భయముతోను లజ్జతోను ముగియదు. తన దేహమును తగనిరీతిగా ఎవరు తాకినను, వారు ఎంతటి పెద్దలైనను, కాదని చెప్పి వచ్చి ఇంట చెప్పవలెనని నేర్పవలెను.

దేవుని దయ: క్రొత్త సమయపట్టికలో ప్రార్థనకు చోటు ముందుగా నిర్ణయింపవలెను, మిగిలిన చోటు కాదు. పిల్ల తన భయమును తన మాటలలో దేవునికి చెప్పుట నేర్చుకొనవలెను. తలిదండ్రులు తమ భయమును పిల్ల వినుచుండగా దేవునికి చెప్పవలెను.

మనుష్యుల దయ: మొదటి వారములో ఒక తోటిపిల్ల పేరును, ఒక ఉపాధ్యాయిని పేరును తెలిసికొని రమ్మని చెప్పుడి. బడికి పోవు దారిని ముందుగా ఒకసారి పిల్లతో కూడ నడువుడి. ఏడ్పించువారు ఎదురైన యెడల దాచక చెప్పు ధైర్యము కావలెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము పిల్లలను కొట్టుటను, మానసికముగా హింసించుటను నిషేధించినదని తలిదండ్రులు ఎరిగియుండవలెను. ఆపదలోనున్న పిల్లలకై 1098 అను టెలిఫోను సంఖ్య దేశమంతట ఉన్నది. అయితే మొదటి ఆశ్రయము ఇల్లు. చెప్పిన వెంటనే, "నువ్వేం చేశావు?" అని ఎదురు ప్రశ్న వేయు ఇంటిలో పిల్ల రెండవసారి చెప్పదు.

7. ఇంటి భాష

ప్రవాసమందున్న తెలుగు గృహములకు ఈ మలుపులో మరియొక నష్టము పొంచియున్నది. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధించు వసతులు కల్పింప యత్నింపవలెనని 1956లో రాజ్యాంగములో చేర్చబడిన 350–ఎ అధికరణము చెప్పుచున్నది. అయితే అది ప్రాథమిక దశను గూర్చియే చెప్పుచున్నది. ఆరవ తరగతినుండి ఆ భారము ఇంటిమీదను సంఘముమీదను పడును. పుస్తకముల బరువు పెరిగినప్పుడు మొదట జారిపోవునది తెలుగు చదువుట. పిల్ల తెలుగులో మాటలాడును గాని తెలుగు బైబిలు చదువలేదు. నాయనమ్మ తెలుగులో ప్రార్థించును. మనుమరాలు ఆమేన్ మాత్రము చెప్పును.

1805లో విశాఖపట్టణమునకు వచ్చిన లండన్ మిషనరీలలో ఒకరైన దె గ్రాంజ్, ఆనందరాయరు సహాయముతో సువార్తలను తెనిగించగా, మొదటి మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చుపడినవి. పండ్రెండేండ్ల యేసు వృత్తాంతము గల లూకా సువార్త వాటిలో ఒకటి. తెలుగువారి చేతికి అచ్చులో వచ్చిన తొలి లేఖనములలో నిలిచిన ఈ కథను, అదే ఉత్తరాంధ్రమునుండి వచ్చినవారి మనుమలు చదువలేకపోవుట చిన్న నష్టము కాదు. ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయము ఇంట కూర్చుండునప్పుడును, త్రోవను నడుచునప్పుడును పిల్లలతో వాక్యమును గూర్చి మాటలాడవలెనని ఆజ్ఞాపించుచున్నది. ఆ మాటలు ఇంటి భాషలోనే సాగును. దినమునకు ఒక వచనము చాలును. నాయనమ్మ చెప్పగా మనుమరాలు వ్రాయవచ్చును. ఒక సంవత్సరములో ఇద్దరును ఒక సువార్తలో కొంత దూరము నడుతురు. హిందీలోను ఇంగ్లీషులోను అదే వచనమును పిల్ల చదివి వినిపించిన యెడల నాయనమ్మకును లాభమే.

8. సంఘము చేయదగినది

బిలాస్‌పూరులో డిసైపుల్స్ ఆఫ్ క్రైస్ట్ మిషనరీలు 1885లో సేవ ఆరంభించి, బాలికల చదువునకును వైద్యమునకును పాటుపడిరి. బడియును సంఘమును ఒకదానికొకటి అన్యములు కావని ఆనాటివారు ఎరిగిరి. నేటి సంఘము క్రొత్త బడి కట్టలేకపోవచ్చును. అయినను మే నెలలో జరుగు వి.బి.యస్. చివరి దినమున, ఆరవ తరగతికి పోవు పిల్లలను పేరుపేరున ముందుకు పిలిచి, వారికై ప్రార్థింపగలదు. ఒక్కొక్క పిల్లకు ఇంటివారు కాని ఒక పెద్దను నియమింపగలదు. ఎనిమిదవ తరగతి చదువు అక్క ఒకతె ఆరవ తరగతి చెల్లిని మొదటి దినమున వెంటబెట్టుకొని పోగలదు. "అక్కడ నాకు తెలిసినవాళ్లు ఎవరూ ఉండరు కదా" అన్న ప్రశ్నకు సంఘము ఈయగలిగిన ఉత్తరమిది. యాత్రికుల గుంపులో బంధువులును పరిచితులును ఉండిరి. అయితే బాలుడు మన యొద్ద ఉన్నాడా అని చూచినవారు లేకపోయిరి. అట్టి గుంపుగా సంఘము ఉండకూడదు.

ముగింపు

మరియ యోసేపులు ఒక దినము తలంపుమీద నడచిరి, మూడు దినములు వెదకుచు నడచిరి. తలంపు సులభము, వెదకుట కష్టము. అయినను వెదకినవారే కనుగొనిరి. కనుగొన్నవారితో బాలుడు ఇంటికి వచ్చెను. ఈ జూన్ మాసములో సంచి సిద్ధమైన తరువాత, తలిదండ్రులు పిల్ల ప్రక్కను కూర్చుండి ఒక గంట వెదకుదురు గాక.

ఇంటను, సండే స్కూలులోను చర్చించుటకు ప్రశ్నలు

1. మీ బిడ్డను గూర్చి మీరు అడుగక తలంచుచున్న సంగతులు ఏవి?
2. బోధపడని మాటలను మరియ హృదయములో భద్రపరచుకొనెను. మీ పిల్ల చెప్పిన ఏ మాట మీకు ఇంకను బోధపడలేదు?
3. పిల్లలారా, క్రొత్త బడిని గూర్చి మీరు ఎవరికిని చెప్పని భయము ఏది? దానిని మొదట ఎవరితో చెప్పుదురు?
4. మీ సంఘములో ఈ సంవత్సరము ఆరవ తరగతిలో ప్రవేశించు పిల్లల పేర్లు మీకు తెలియునా?

ప్రార్థన

పరలోకమందున్న తండ్రీ, నీ కుమారుని పండ్రెండేండ్ల బాలునిగా మా మధ్య నడిపించినందుకు స్తోత్రము. క్రొత్త బడికి వెళ్లుచున్న మా పిల్లలకు వినుటకు చెవిని, అడుగుటకు ధైర్యమును దయచేయుము. తలంచి నడచు మా తొందరను క్షమించి, వెదకు ప్రేమను మాకు నేర్పుము. డ్యూటీలోనున్న తండ్రులను, ఇంట ఎదురుచూచు తల్లులను, ముదుసలివారిని జ్ఞాపకము చేసికొనుము. మా బిడ్డలు నీకు చెందినవారని మేము మరువకుండ కాపాడుమని యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.